టెన్నిస్ ఆడని మోచేతులు

ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు నింపమని ఇచ్చిన ఫారంలో 'ఆటలు ఆడతారా' అని ఒక గడి ఉంది. లేదు అని టిక్కు పెట్టాను. 'వృత్తి' అన్నచోట పరిశోధన, పార్ట్‌టైం బోధన అని రాశాను. ఎడమచేత్తో రాశాను కాబట్టి అక్షరాలు ఒకటో తరగతి పిల్ల రాసినట్టున్నాయి. ఇంట్లో ఏమేం పనులు చేస్తారు అన్న గడి మాత్రం ఆ ఫారంలో లేదు. లేదన్న సంగతి ఆరోజు నాకూ తట్టలేదు. స్త్రీల కథల్లో ఇంటిచాకిరీ మీద ఐదేళ్ళు పనిచేసి, దాని మీదే డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని!

డాక్టర్ నా కుడిచెయ్యి చాపించి మధ్యవేలు పైకెత్తమన్నారు. ఎత్తాక ఆ వేలిని కిందికి నొక్కారు. మోచేతి బయటివైపు ఎముక దగ్గర జివ్వుమని ప్రాణం లేచొచ్చింది. "టెన్నిస్ ఎల్బో. లాప్‌టాప్ మీద ఎక్కువ పని చేస్తారా?" అన్నారు. చేస్తానన్నాను. అబద్ధమేమీ కాదు. కానీ లాప్‌టాప్ మీద పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాను, నొప్పి వచ్చి ఎనిమిది నెలలే అయింది. అంతకు కొన్ని నెలల ముందు, 2023 వానాకాలంలో, మా అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. అప్పట్నుంచి ఆవిణ్ణి మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం, పక్కకి తిప్పడం, రోజుకి రెండు మూడు దుప్పట్లు ఉతికి పిండడం. ఇవేవీ డాక్టర్‌కి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. లాప్‌టాప్ వల్ల వచ్చిందనుకోవడం నాకు గౌరవంగా అనిపించింది. పరిశోధకురాలికి చదువు వల్ల జబ్బు వచ్చింది. దుప్పట్ల వల్ల రావడం కన్నా అది మెరుగు కదా.

టెన్నిస్ ఎల్బో అన్న మాట నేను మొదటిసారి విన్నది 2004లో. సచిన్ టెండూల్కర్‌కి వచ్చింది, దేశమంతా ఆ పేరు నేర్చుకుంది. నేనప్పుడు ఇంటర్. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో మగవాళ్ళందరూ టీవీ ముందు కూర్చుని సచిన్ మోచేతి గురించి తెగ బాధపడ్డారు. మరుసటేడు లండన్‌లో ఆపరేషన్ జరిగేదాకా ఆ మోచెయ్యి పేపర్లలో నలిగింది. అదే గదిలో గోడకానుకుని మా పెద్దమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది. మణికట్టు దగ్గర ఒక పాతగుడ్డ ముక్క బిగించి కట్టుకునేది. బొటనవేలు మొదట్లో సలుపుతోందనేది. దానికి పేరేమిటని ఎవరం అడగలేదు. ఆ గుడ్డ ఆమె గాజుల్లాంటిదే అన్నట్టు చూసేవాళ్ళం.

ఇప్పుడు నా చెయ్యి పనిచెయ్యక ఖాళీగా కూర్చున్నాక, అలవాటు కొద్దీ ఈ పేర్ల వెనక ఏముందో వెతికాను. ఈ మోచేతి నొప్పిని 1873లో రూంగె అనే జర్మన్ వైద్యుడు వర్ణించింది రాతగాళ్ళ చేతి పట్టుల గురించి రాస్తూ. అంటే మొదట ఇది కలం పట్టేవాళ్ళ జబ్బు. మరో పదేళ్ళకల్లా ఇంగ్లండులో పచ్చికబయళ్ళ మీద టెన్నిస్ ఆట వచ్చింది. 1882లో హెన్రీ మోరిస్ అనే సర్జన్ దీన్ని 'లాన్ టెన్నిస్ చెయ్యి' అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. నిజానికి ఈ నొప్పితో వచ్చేవాళ్ళలో టెన్నిస్ ఆడేవాళ్ళు కొద్దిమందే. లోపలి వైపు వచ్చేదానికి గోల్ఫ్ ఆటగాళ్ళ మోచెయ్యి అని పేరు. మరి ఆడవాళ్ళ పేరు మీద ఏమీ లేవా అంటే ఉన్నాయి. మా పెద్దమ్మకి వచ్చినలాంటి నొప్పిని ఇంగ్లీషులో బట్టలుతికే ఆమె బెణుకు అనేవాళ్ళు. 1895లో డి కెర్వాన్ అనే స్విస్ సర్జన్ దాన్ని వివరించాక ఆయన పేరు పెట్టారు. మోకాలి చిప్ప మీద నీటితిత్తిలా వాచేదాన్ని పనిమనిషి మోకాలు అన్నారు, ఇప్పటికీ అంటారు. మగవాడి కీళ్ళకి ఆట పేరు, ఆడదాని కీళ్ళకి చాకిరీ పేరు. ఆ చాకిరీ పేరు కూడా ఒక డాక్టరు వచ్చేదాకానే.

పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒకామె తన పేరే మర్చిపోతుంది. ఆ కథ మీద నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఉంది. అస్తిత్వం, గుర్తింపు, వ్యక్తిత్వం అని చాలా రాశాను. అలికే చేతికి ఏమవుతుందన్న దాని మీద ఆ అధ్యాయంలో ఒక్క వాక్యం లేదు.

సరే, వైద్యం సంగతి. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడులాంటిది టెండన్. మణికట్టుని వెనక్కి ఎత్తే కండరాల టెండన్లు మోచేతి బయటి ఎముక దగ్గర అతుక్కుని ఉంటాయి. మనం దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు వంగిపోకుండా నిలబెట్టేవి అవే. అందుకే బట్ట పిండినా, కుక్కర్ ఎత్తినా, తలుపు గొళ్ళెం తిప్పినా నొప్పి అక్కడే తెలుస్తుంది. ఇదివరకు దీన్ని వాపు అనుకునేవాళ్ళు, పేరు చివర 'ఐటిస్' అని తగిలించేవాళ్ళు. సూక్ష్మదర్శినిలో చూస్తే పాతబడిన నొప్పుల్లో వాపు కణాలు పెద్దగా కనిపించలేదు. టెండన్ పోగులు వరస తప్పి, చిక్కుపడి, సరిగ్గా మానని స్థితిలో ఉన్నాయి. అంటే ఇది మంట కాదు, మరమ్మతు ఆగిపోయిన చోటు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి కొన్ని వారాలు అద్భుతంగా పనిచేస్తుందనీ, ఏడాది తిరిగేసరికి తీసుకోనివాళ్ళ కన్నా తీసుకున్నవాళ్ళే వెనకబడి ఉంటున్నారనీ పరిశీలనల్లో తేలింది. నేను వద్దన్నాను. అప్పుడు షాక్‌వేవ్ చెయ్యించుకోమన్నారు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే "కరెంటు పెడతరా బిడ్డా?" అని ఏడుపు గొంతుతో అడిగింది. పేరు అలా ఉంది మరి. కరెంటు షాక్ కాదమ్మా, గాలి ఒత్తిడి అని చెప్పాను. దీని పుట్టుక విమానాల దగ్గర. జర్మనీలో డోర్నియర్ అనే విమానాల కంపెనీ, ధ్వనివేగాన్ని మించి ఎగిరే విమానాలకు వాన చినుకులు తగిలితే లోహం ఎందుకు దెబ్బతింటోందని పరిశోధిస్తూ, ఆ దెబ్బలో పుట్టే అలల్ని గమనించింది. ఆ అలల్ని శరీరం బయటినుంచి పంపి కిడ్నీలో రాయి పగలగొట్టవచ్చని 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో మొదటిసారి ఒక మనిషి మీద చేసి చూపించారు. ఆ తర్వాత అతకని ఎముకలకీ, టెండన్ నొప్పులకీ వాడటం మొదలైంది. మడమ నొప్పికి అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. మన ఊళ్ళల్లో ఫిజియోథెరపీ సెంటర్లలో ఎక్కువగా కనిపించేది ఇంకోరకం. పిస్తోలులాంటి పరికరంలో గాలి ఒత్తిడితో ఒక లోహపు ముక్క ముందుకి దూసుకొచ్చి కొసను కొడుతుంది. ఆ దెబ్బ చర్మం గుండా లోపలికి పాకుతుంది. ఖచ్చితంగా మాట్లాడితే అది షాక్‌వేవ్ కూడా కాదు, ఒత్తిడి అల. ఆ పేరు కూడా అబద్ధమే అన్నమాట.

ఫిజియోథెరపిస్టు చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయి. నొక్కి చూసి ఎక్కడ బాగా నొప్పిగా ఉందో అక్కడ పెన్నుతో గుర్తు పెట్టింది. చల్లగా జెల్ రాసింది. "సెకనుకి పది దెబ్బలు మేడం, మొత్తం రెండు వేలు" అంది. మూడు నిమిషాల పైచిలుకు. మూడు నిమిషాలంటే ఏముందిలే అనుకున్నాను. ట్రట్రట్రట్ర అని గోడకి డ్రిల్లింగ్ చేస్తున్నట్టు మోత. నొప్పి ఉన్న చోటే వెతుక్కుని కొడుతుంది. మత్తు ఇవ్వరు. నొప్పి ఎక్కడుందో మనం చెప్తేనే ఆ అమ్మాయి సరైన చోట పట్టగలదు. నొప్పి మాత్రలు కూడా వేసుకోవద్దంది. మానకుండా వదిలేసిన గాయాన్ని మళ్ళీ రేపి, శరీరానికి గుర్తుచేసి, మరమ్మతు మొదలుపెట్టించడం ఈ వైద్యం వెనక ఉన్న ఊహ. నొప్పి తెలిపే నరాల కొసలు మొద్దుబారతాయన్నది ఇంకో ఊహ. వారానికొకటి చొప్పున ఐదు విడతలు. విడతకి 1500 రూపాయలు. గర్భిణులకీ, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకీ చెయ్యరట. చేస్తే ఎంత లాభం అంటే, ఈ మోచేతి నొప్పి విషయంలో తొమ్మిది ట్రయల్స్‌ని కలిపి చూసిన 2005 నాటి కోక్రేన్ సమీక్ష, లాభం లేదు లేదా చాలా తక్కువ అని తేల్చింది. మడమ నొప్పిలో, సున్నం పేరుకున్న భుజాల్లో కొంత ఆశ ఎక్కువ. పైగా ఈ మోచేతి నొప్పి ఏ వైద్యమూ లేకుండానే చాలామందికి ఏడాదిలోనో ఏడాదిన్నరలోనో తగ్గిపోతుంది. ఇవన్నీ చదివి కూడా చెయ్యించుకున్నాను. నొప్పితో ఉన్న మనిషికి కాగితం మీది 'సగటు' పెద్దగా వినిపించదు.

"సున్నా నుంచి పదిలో ఎంత నొప్పి?" అని ప్రతి విడతకీ అడిగేది. వర్జీనియా వుల్ఫ్ 1926లో జబ్బు మీద రాసిన వ్యాసంలో, నొప్పిని చెప్పబోతే ఇంగ్లీషు భాష చేతులెత్తేస్తుందని వాపోయింది. తెలుగుకి ఆ కరువు లేదు. సలుపు వేరు, పోటు వేరు. లాగడం వేరు, పీకడం వేరు, గుంజడం వేరు. తీపు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. ఇన్ని ఉండి నేను "ఆరు" అని చెప్పొచ్చేదాన్ని.

మిషన్ కన్నా ముఖ్యమైనది డాక్టర్ చీటీ చివర్న రాశారు: విశ్రాంతి. ఆ చేత్తో బరువులెత్తడం, పిండటం పన్నెండు వారాలు మానెయ్యాలి. మా ఇంట్లో ఆ చీటీని అందరూ గౌరవించారు. నా సహచరుడు వంట అందుకున్నాడు, అత్తయ్యని లేపడం అందుకున్నాడు. దుప్పట్ల దగ్గరికొచ్చేసరికి ఇద్దరం చాలా మామూలుగా మా ఇంట్లో పనిచేసే ఆమె వైపు చూశాం. అప్పటిదాకా ఆమె గిన్నెలు, ఊడ్చి తుడవడం చేసేది, నెలకి 3500. ఇంకో వెయ్యి ఇస్తాను, దుప్పట్లు కూడా చూడు, నా చెయ్యి బాగాలేదు అన్నాను. ఆమె నాకంటే ఆరేళ్ళు పెద్దది. నేను నువ్వు అంటాను, ఆమె మీరు అంటుంది. సరే మేడం అంది.

మూడో విడత అయి వచ్చిన రోజు స్నానాలగదిలో ఆమె దుప్పటి పిండటం చూశాను. నల్లాకి దుప్పటి చుట్టి, రెండు కొసలూ కలిపి నడుముకి ఆనించుకుని, మనిషి మొత్తం పక్కకి తిరుగుతోంది. చేతులు మెలితిప్పడం లేదు, ఒళ్ళంతా మెలితిరుగుతోంది. ఇదేదో కొత్త పద్ధతిలా ఉందే అన్నాను నవ్వుతూ. "చెయ్యి ఒప్పుతలేదు మేడం" అంది. కొంగు తీసి చూపించింది. కుడి మోచేతి కింద నల్లదారం, దాని మీద జండూబామ్ వాసన. సరిగ్గా నాకు పెన్నుతో గుర్తు పెట్టిన చోటే.

ఎన్నాళ్ళ నుంచి?

"మూడేండ్ల సంది. పగలు గుంజుతది, రాత్రయితే సలుపుతది. గోలి ఏసుకుంట."

మరి నాకెందుకు చెప్పలేదు?

"చెప్తే ఎవరు పెట్టుకుంటరు మేడం? చెయ్యి బాగలేదని తెలిస్తే ఇంకొకల్లను చూసుకుంటరు."

నేను 'నా చెయ్యి బాగాలేదు' అని చెప్పినందుకు నాకు పన్నెండు వారాల సెలవు దొరికింది. అదే మాట ఆమె చెప్తే పని పోతుంది. నా మోచేతికి డాక్టర్ రాసిచ్చిన విశ్రాంతిని నేను ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నానో అప్పుడు కనిపించింది. ఆమె మోచేతిలోంచి. నెలకి వెయ్యి రూపాయలకి. ఆమె మా ఇంట్లో నెలంతా చేసినదానికి అందుకునే 3500, నాకు రెండు విడతల దెబ్బలకీ ఇంకొంచెం పైకీ సరిపోతుంది.

ఆ దుప్పట్లు చేత్తో ఎందుకు ఉతకాల్సొచ్చిందో కూడా రాయాలి. మా ఇంట్లో వాషింగ్ మిషన్ ఉంది. అత్తయ్య దుప్పట్లు అందులో వెయ్యకూడదని నియమం పెట్టింది నేనే. మలమూత్రాలంటినవి మన బట్టలుతికే దాంట్లో ఎలా వేస్తాం అని. మడి, మైల గురించి క్లాసులో పిల్లలకి ఏం చెప్తానో అది వేరు! ఆ నియమం నా మోచేతిని తిన్నది, తర్వాత ఆమె మోచేతిని తింటోంది. ఆ సాయంత్రం నుంచి నల్లా కింద ఒకసారి జాడించి, వేడినీళ్ళతో మిషన్లోనే వేస్తున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆమెని నాలుగో విడతకి నాతో తీసుకెళ్ళాను. ఫిజియో అమ్మాయి చూసి "మీకంటే ఈవిడకే ఎక్కువుంది మేడం" అంది. ఆమెకీ ఒక విడత చేశారు. నేను పళ్ళు బిగబట్టుకున్న మూడు నిమిషాలు ఆమె గోడ మీద కేలండర్ చూస్తూ కూర్చుంది. ఎంత నొప్పి పదిలో అంటే "జరంత" అంది. ఆ అమ్మాయి అర్థం కాక ఐదు అని రాసుకుంది. రెండో విడతకి ఆమె రాలేదు. సెంటర్ తెరిచేది పదిన్నరకి. ఆ వేళకి ఆమె మూడో ఇంట్లో ఉంటుంది. డబ్బులు నేనిస్తానన్నా టైం ఎవరివ్వాలి? పైగా ఆ అమ్మాయి నిజాయితీగా చెప్పింది: రోజంతా పిండుతూ వారానికోసారి మిషన్ పెట్టించుకుంటే ప్రయోజనం ఉండదు.

మిషన్ లేకుండా చెయ్యగలిగింది ఒకటుంది. ముంజెయ్యి బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి, లీటరు నీళ్ళ సీసా పట్టుకోవాలి. ఎత్తడానికి రెండో చెయ్యి సాయం పట్టాలి, దించేటప్పుడు మాత్రం నొప్పి ఉన్న చెయ్యే మెల్లగా దించాలి. పదిహేను సార్లు, మూడు దఫాలు. మడమ వెనక టెండన్ కోసం స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ అనే సర్జన్ 1998లో ఇలాంటి వ్యాయామమే రోజుకి 180 సార్లు, పన్నెండు వారాలు చేయించి ఫలితం చూపించాడు. నేను ఆమెకి చూపిస్తే ఫక్కున నవ్వింది. "పొద్దుందాక గిదే చేస్తున్న గదా మేడం, మల్ల గిదేం ఎక్సర్‌సైజు?"

నా దగ్గర జవాబు లేదు. ఫిజియో అమ్మాయిని అడిగాను. బరువు పడ్డాక టెండన్‌లో ముందు కొంత అరుగుతుందట, ఆ తర్వాత ఒకరోజో ఒకటిన్నర రోజో తీసుకుని కొత్త పోగులు అల్లుకుంటుందట. ఆ గడువు దొరికితే అది వ్యాయామం. దొరక్కముందే మళ్ళీ బరువు పడితే అరుగుదల మాత్రమే మిగులుతుంది. సీసా అదే, చెయ్యి అదే. మధ్యలో ఖాళీ ఉందా లేదా అన్నదే తేడా.

నాకు పన్నెండో వారానికి "రెండు"కి వచ్చింది. మిషన్ వల్లో, సీసా వల్లో, దుప్పట్లు తప్పడం వల్లో, ఊరికే రోజులు గడవడం వల్లో చెప్పలేను. ఆమెకి వారంలో ఆదివారం కాక బుధవారం కూడా సెలవు ఇచ్చాం, జీతం తగ్గించకుండా. ఆ బుధవారం మిగిలిన నాలుగిళ్ళకీ వెళ్తూనే ఉంది కాబట్టి అది మా మనశ్శాంతికే ఎక్కువ పనికొచ్చింది. తుడవడానికి కర్రమాప్ కొన్నాం. దాని బకెట్‌లోనే పిండే జల్లెడ ఉంటుంది, చేత్తో పిండక్కర్లేదు. ఇంకో రెండిళ్ళవాళ్ళతో నేనే మాట్లాడి కొనిపించాను. నా చెయ్యి బాగాలేక కొన్నాను, చాలా బాగుంది అని చెప్పాను. ఆమె చెయ్యి సంగతి ఎత్తలేదు.

ఈ వ్యాసం రాస్తున్నానని ఆమెకి చెప్పి, రాసినంతవరకు చదివి వినిపించాను. పెద్దమ్మ గుడ్డ దగ్గర "మా అమ్మ గూడ కడుతుండె" అంది. నల్లదారం దగ్గర ఏమీ అనలేదు. చివర్న, పేరు రాయొద్దు మేడం అంది. ఎవరో ఒకరు చదువుతారు, ఇంకొకరికి చెప్తారు. నాలుగు బెడ్‌రూముల ఇంటివాళ్ళకి తెలిస్తే కష్టం. పేరు రాయలేదు. ఆ ఇంట్లో కర్రతో తుడిస్తే మూలల్లో మురికి పోదని ఇప్పటికీ గుడ్డతోనే తుడిపిస్తున్నారు.